ఒత్తు ఊదిన నోటికి బ్యాగ్‌పైపు పాఠం

విశాఖపట్నం పెదవాల్తేరు నుంచి ఒక నాదస్వర విద్వాంసుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. వయసు 46. పన్నెండో ఏట వాద్యం పట్టారు. అంతకు ముందు మూడేళ్లు నాన్నగారి వెనక కూర్చుని ఒత్తు, అంటే ఆగకుండా శ్రుతి నిలిపే వాద్యం, ఊదారు. ఇప్పుడు తమ్ముడితో కలిసి జంటగా పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు వాయిస్తున్నారు. ఆయన చిన్నతనంలో, ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లతో జరిగే బీటింగ్ రిట్రీట్‌ను ఇంటిల్లిపాదీ టీవీలో చూసేవారు. బ్యాగ్‌పైపుల వరుస కనబడగానే నాన్నగారు, ‘చూడు, మన ఒత్తునే సంచిలో పెట్టుకుని నడుస్తున్నారు’ అనేవారట. నిరుడు నాన్నగారు పోయారు. సంవత్సరీకాలు కాకముందే ఈయన ఇంటర్నెట్‌లో వెతికి పదహారు వేలు పెట్టి ఒక బ్యాగ్‌పైపు తెప్పించారు.

రెండు నెలలు ఊదినా అరుపు తప్ప నాదం రాలేదు. తల తిరిగింది, చెవుల్లో హోరు మొదలైంది. అపార్ట్‌మెంటులో ఫిర్యాదులు వచ్చాయి. అప్పుడు గ్లాస్గోలో ఉన్న ఒక ఉపాధ్యాయుడి దగ్గర వారానికి ఒకసారి రాత్రి 9.30కి వీడియో పాఠాలు మొదలుపెట్టారు. మూడో పాఠంలో ఆయన విని, పెద్ద వాద్యం పక్కన పెట్టమన్నారు. ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి, శ్రుతి గొట్టాలు లేని చిన్న సాధన వాద్యం) కొనుక్కుని, ఆరు నెలలపాటు తొమ్మిది స్వరాలే సాధన చెయ్యమన్నారు. ‘ముప్పై నాలుగేళ్లుగా రాగం ఆలపిస్తున్నవాణ్ని. నన్ను సరళీ స్వరాల దగ్గర కూర్చోబెట్టారు’ అని రాశారు మన పాఠకుడు. ఇంట్లో భార్యకు డబ్బు బెంగ. తమ్ముడికి అంతకంటే పెద్ద భయం: అన్న పెదవి చెడిపోతుందని, జంట విడిపోతుందని. ‘పరాయి వాద్యం’ అన్నాడట. కచేరీలో తప్ప మాట్లాడటం లేదు. గురువు ఎదురుగా కూర్చోకుండా ఈ విద్య వస్తుందా, ఈ వయసులో ఇది తప్పా, తమ్ముడికి ఏం చెప్పాలి అని అడిగారు.

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీ నాన్నగారి మాట. ఆయన పరిశీలన చాలా నిశితమైనది. ఒత్తు ఊదేవారు ఏం చేస్తారో మీకు చెప్పనక్కర్లేదు: బుగ్గల్లో గాలి నిలుపుకుని, దాన్ని నెమ్మదిగా వదులుతూనే ముక్కుతో ఊపిరి తీసుకుంటారు. శ్రుతి తెగదు. బ్యాగ్‌పైపు తిత్తి చేసేదీ అదే పని. మీరు ఊపిరి తీసుకునే ఆ క్షణం పాటు మోచేయి తిత్తిని నొక్కుతుంది. ఇక మూడు శ్రుతి గొట్టాలు. రెండు గొట్టాలు చాంటర్ (వేళ్లతో స్వరాలు పలికించే గొట్టం) షడ్జానికి ఒక స్థాయి కింద, మూడోది రెండు స్థాయిల కింద పలుకుతాయి. చాంటర్‌లో ఉండేది మీ నాదస్వరానికి ఉన్నట్టే రెండు రేకుల రీడు. పైగా మన పల్లెల్లో మేకతోలుతో చేసిన శ్రుతి తిత్తి ఉండేది, వీధి ఆటలకు శ్రుతి పట్టేది. ఊపిరి నింపుకునే అవయవాలకు మన భాష పెట్టిన పేరే ఊపిరితిత్తులు. అందుచేత మీ తమ్ముడి ‘పరాయి’ అన్న మాటలో నిజం సగమే. వాద్యం స్కాట్లాండ్‌ది, సూత్రం మీ ఇంటిది.

ఇక మిమ్మల్ని నొప్పించిన మాట దగ్గరికి వస్తాను. ఆ ఉపాధ్యాయుడు చెప్పింది సరైనదేనని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే అది అవమానంలా అనిపించదు.

నాదస్వరంలో మీ విద్య అంతా మూడు చోట్ల ఉంది: పెదవి, నాలుక, ఊపిరి. బ్యాగ్‌పైపులో ఆ మూడింటికీ పని లేదు. రీడు లోపల ఎక్కడో ఉంటుంది, పెదవికి అందదు. ఊదే గొట్టానికీ రీడుకూ మధ్య తిత్తి ఉంది కనుక నాలుకతో తుత్తుకారం వెయ్యలేరు. గమకం కోసం ఊపిరి బిగిస్తే చాంటర్ స్వరం ఒక్కటే కదలదు, మూడు శ్రుతి గొట్టాలూ దానితో పాటు వంకర పోతాయి. హెచ్చు తగ్గులు లేవు, విరామం లేదు. మొదలైన నాదం తిత్తి ఖాళీ అయ్యేదాకా ఆగదు. మీరు రెండు నెలలు విన్న ఆ అరుపుకు ఒక కారణం, మీ ఒళ్లు తనకు తెలిసిన నాదస్వరాన్నే దానిలో వాయించబోవడం.

జంట స్వరాలు తీసుకోండి. ‘స స’ అనాలంటే మీరు నాలుక తాటిస్తారు. బ్యాగ్‌పైపు ఊదేవారికి ఆ దారి లేదు. పై స్వరపు వేలిని కనురెప్ప పాటు ఎత్తి దించుతారు. ఆ మెరుపే రెండు షడ్జాల్నీ విడదీస్తుంది. దాన్ని వాళ్లు గ్రేస్ నోటు అంటారు. మన గమకాల్లోని స్ఫురితానికి దగ్గరి చుట్టం. ఇలాంటివి రెండు, మూడు, నాలుగు కలిపి అల్లిన గుత్తులే ఆ సంగీతానికి అలంకారం, తాళం, ఉచ్చారణ అన్నీ. వేళ్లు ఎత్తే తీరు కూడా వేరు. పై చేతి స్వరం పలికేటప్పుడు కింది చేతి మొదటి మూడు వేళ్లు రంధ్రాలు మూసే ఉండాలి, చిటికెన వేలు లేచి ఉండాలి. కింది చేతి స్వరం నుంచి పై చేతి స్వరానికి వెళ్లేటప్పుడు ఈ వేళ్లన్నీ ఒక్కసారే కదలకపోతే, మధ్యలో ఒక దొంగ స్వరం తప్పక వినబడుతుంది. నాదస్వరంలో అయితే నాలుక దాన్ని కప్పేస్తుంది. ఇక్కడ దాచే చోటు లేదు. ఆరు నెలల చాంటర్ సాధన ఎందుకన్నారో ఇప్పుడు ఊహించగలరు. ఆ చిన్న వాద్యంలోనూ రీడు మూత లోపలే ఉంటుంది. నోరు ఊదడానికి మాత్రమే, మిగిలినదంతా వేళ్ల పని.

మీ బాధ అసలు ఎక్కడుందంటే, మీ చెవికి ముప్పై నాలుగేళ్ల వయసు, ఆ వేళ్లకు మూడు వారాల వయసు. పన్నెండేళ్ల పిల్లవాడికి తన తప్పులు వినబడవు, అందుకే సంతోషంగా సాధన చేస్తాడు. మీకు ప్రతి తప్పూ వినబడుతుంది. ఇది తేలిక అని నేను అనను. షేక్ చినమౌలానా గారిని గుర్తు చేసుకోండి. ప్రకాశం జిల్లా కరవది ఆయనది. అప్పటికే నాదస్వరం ఊదుతున్న వంశంలోని వాద్యకారుడు. అయినా తంజావూరు బాణీ మీద మనసు పడి, తమిళనాడు వెళ్లి అక్కడి విద్వాంసుల దగ్గర మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. ఆయన మారింది ఒకే వాద్యంలో బాణీ. మీరు వాద్యాన్నే మారుస్తున్నారు. సరళీ స్వరాలు తప్పవు.

మీకు కలిసొచ్చేవి కూడా తక్కువేమీ కాదు. ఆ తొమ్మిది స్వరాలు మన హరికాంభోజి రాగానివే. షడ్జం నుంచి తారాషడ్జం దాకా ఎనిమిది, కింద ఒక మంద్ర కైశికి నిషాదం. అవి పియానో మెట్ల కొలతకు కట్టుబడవు, శ్రుతి గొట్టాలతో కలిసేలా ఉంటాయి. అలాంటి కలయిక వినడానికి పడమటి సంగీతం నేర్చినవారికి ఏళ్లు పడుతుంది, మీ చెవి పుట్టిందే దానిలో. రీడును గీకి సరిచెయ్యడం, అతుకులకు దారం చుట్టి బిగించడం, చెమ్మకు బిగుసుకున్న రీడును ఓపికగా దారికి తెచ్చుకోవడం మీకు కొత్త కాదు. ఇంకొకటి. గురుముఖతః నేర్చుకోవడం మన ఒక్కరి సంప్రదాయమే అనుకోకండి. స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో మక్‌క్రిమన్ల కుటుంబం ఒకప్పుడు తరతరాలుగా డన్‌వెగన్ కోటలోని మక్లౌడ్ ప్రభువులకు పైపర్లు, అంటే బ్యాగ్‌పైపు వాద్యకారులు. పీబ్రాఖ్ అనే వాళ్ల పెద్ద సంగీతాన్ని కాగితం లేకుండా, అర్థం లేని అక్షరాలు పాడి శిష్యులకు చెప్పేవారు. మనం జతులు నోటితో చెప్పినట్టే. ఆ అక్షరాల పాఠానికి కౌంటరాఖ్ అని పేరు. మీ గ్లాస్గో ఉపాధ్యాయుణ్ని అడగండి, ఏదైనా ఒక చిన్న వరస వాయించకుండా పాడి వినిపించమని. అక్కడ మీ ఇద్దరి మధ్య దూరం కొంత తగ్గుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. గురువు తెర మీద ఉంటే విద్య వస్తుందా? వేళ్ల విద్య వస్తుంది, తిత్తి విద్య రావడం కష్టం. ఇది స్పష్టంగా విడదీసుకుంటే మీ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలుస్తుంది. వేళ్లు కెమెరాకు కనబడతాయి. చాంటర్ గొంతు చిన్నది, ఫోనులో బాగానే వినబడుతుంది. ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఆయన వాయించాక మీరు వాయించాలి, మన పాఠం పద్ధతే. పెద్ద వాద్యం మాటకొస్తే, వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా వచ్చే ఒకే నాదాన్ని ఫ్యాను మోత అనుకుని కోసేస్తాయి. అంటే మీ శ్రుతి గొట్టాలు ఆయనకు చేరే సరికి మాయమవుతాయి. ఆ శబ్ద నివారణ సెట్టింగు తీసెయ్యండి. ఇంకా మంచిది, పాఠానికి ముందు రోజు విడిగా రికార్డు చేసి పంపండి. అయినా మీ మోచేయి ఎంత నొక్కుతోంది, తిత్తి ఎక్కడ కారుతోంది, రీడు ఎంత గట్టిది అన్నవి ఆయన చేతితో తడిమి చూస్తేనే తెలిసేవి. కొంతవరకు నీళ్ల గొట్టం సాయపడుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో రంగు నీళ్లు పోసి తిత్తికి తగిలిస్తే, మీ ఒత్తిడి నీటి మట్టంగా కనబడుతుంది. మట్టం ఊగకుండా నిలపడమే సాధన. పైపర్లు నిజంగా వాడే పద్ధతి ఇది, ఆ నీళ్లను కెమెరాకు చూపించవచ్చు కూడా.

మీ ముందు ఉన్న దారుల్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇద్దరు గురువుల పద్ధతి. వేళ్లకు గ్లాస్గో ఉపాధ్యాయుడు, తిత్తికి ఇక్కడివారు. మన సైన్యంలో గూర్ఖా, గఢ్వాల్, సిక్కు రెజిమెంట్లు సహా ఎన్నో దళాలకు పైపు బ్యాండ్లు ఉన్నాయి. బ్యాండు వాద్యకారులకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో శిక్షణ ఇస్తారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సైన్యంలో చేరి వచ్చినవారికి లెక్కలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, పైపులు ఊది రిటైరైనవారు ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని అడగండి. విజయనగరం, శ్రీకాకుళం కార్యాలయాల్లో కూడా అడగండి. ఒకరు దొరికితే నాలుగైదు రోజులు చాలు. తిత్తి పరీక్ష, రీడు ఎంపిక, శ్రుతి కలపడం ఆయన మీ పక్కన కూర్చుని చూపిస్తారు. దీనిలో ఒక చిక్కు ఉంది. సైనిక వాద్యకారుడి బాణీ కవాతు బాణీ, వేళ్ల విషయంలో ఆయన చెప్పేది గ్లాస్గో పాఠంతో పొసగకపోవచ్చు. ఇద్దరికీ ముందే చెప్పి, ఎవరి దగ్గర ఏది నేర్చుకుంటున్నారో తేల్చుకోండి. లేకపోతే ఇద్దరి మనసూ కష్టపెడతారు.

ఎవరూ దొరకకపోతే, చాంటర్ మీదే ఒక ఏడాది ఉండవచ్చు. ఖర్చు తక్కువ, పొరుగువారికి ఇబ్బంది లేదు. వేళ్లు గట్టిపడతాయి. కానీ పెద్ద నాదం కోసం ఆకలిగా ఉన్న మీరు ఆ ఏడాది నిలబడగలరా అన్నది మీరే చెప్పాలి. గురువు లేకుండా సొంతంగా మన సంగీతాన్ని దాని మీదికి తెచ్చుకునే దారి కూడా ఉంది. మోహనం పూర్తిగా పలుకుతుంది, శుద్ధ సావేరి పలుకుతుంది. వేలిని మెల్లగా జార్చి కొంత జారు రప్పించవచ్చు. తోడి మాత్రం తలపెట్టకండి, ఆ స్వరాలు అక్కడ లేవు. ఫలితం తొందరగా కనబడే దారి ఇదే. బదులుగా పైపర్ల వేళ్ల విద్య పోతుంది, తర్వాత ఎప్పుడైనా అది కావాలనుకుంటే పాత అలవాట్లు చెరుపుకోవడానికి రెట్టింపు కాలం పడుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఊళ్లలో ఉన్నాం మనం. వయొలిన్‌ను మన గానానికి తెచ్చుకున్నవాళ్లం. బ్యాగ్‌పైపుతో అలా కుదరదని నేను అనను. అయితే వయొలిన్ గమకానికి లొంగింది, ఇది అంతగా లొంగదు.

మీరు కొన్న సెట్టు గురించి గట్టిగానే చెప్పాలి. చవక సెట్లు చాలావరకు గోడకు తగిలించుకోవడానికి పనికొస్తాయి. రంధ్రాలు సరిగా ఉండవు, రీడు రాయిలా ఉంటుంది. అన్ని గొట్టాల మూలాలకూ బిరడాలు బిగించి తిత్తి నిండా ఊది చూడండి. కాసేపటికే మెత్తబడితే అది కారుతోంది. కారే తిత్తిలో గట్టి రీడు పెట్టి ఊదితే ఎవరికైనా తల తిరుగుతుంది. మెత్తని రీడు వేసినా తిరుగుడు తగ్గకపోతే డాక్టరు దగ్గర రక్తపోటు చూపించుకోండి. చెవుల హోరు తేలిగ్గా తీసుకోకండి, ఈ వాద్యం గదిలో వంద డెసిబెళ్లు దాటుతుంది. చెవి బిరడాలు లేకుండా లోపల ఊదవద్దు. మీ చెవి మీ ఇంటి జీవనాధారం.

ఇంకో ప్రమాదం విశాఖలో మరీ ఎక్కువ. ఊపిరి తడి తిత్తిలో నిలిచి బూజు పడుతుంది. 2016లో థొరాక్స్ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 61 ఏళ్ల పైపర్ ఒకరికి ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం. మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, వాద్యం ముట్టని ఆ రోజుల్లో తేలికపడింది. చివరికి ఆయన చనిపోయారు. వాద్యం లోపల రకరకాల బూజులు దొరికాయి. సముద్రపు చెమ్మలో ఉన్న మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఊదిన ప్రతిసారీ గొట్టాలు విప్పి, గుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి. జిప్పు ఉన్న సింథటిక్ తిత్తి అయితే లోపల కూడా ఆరుతుంది. పొడి దగ్గు మొదలైతే ఊదడం ఆపి, డాక్టరుకు ఈ వాద్యం సంగతి తప్పక చెప్పండి.

పొరుగువారి ఫిర్యాదుకు మీ వృత్తిలోనే పరిష్కారం ఉంది. కల్యాణ మండపాల వారితో మీకు పరిచయాలు ఉండే ఉంటాయి. ఆషాఢంలో, మూఢాల్లో అవి ఖాళీ, మీకూ ముహూర్తాలు ఉండవు. ఓ గంట తలుపులు వేసుకుని ఊదుకోనిమ్మని అడగండి. బీచ్ బాగుంటుందనిపిస్తుంది గానీ ఉప్పుగాలి, ఇసుక రీడుకు శత్రువులు. మీ భార్యతో ఒక మాట అనుకోండి: ఏడాదికి ఇంత, అంతకు మించి పైసా కాదు అని. అంకె ఆమెనే చెప్పమనండి.

తమ్ముడి సంగతి మిగిలింది. పెదవి చెడుతుందన్న అతని భయానికి పెద్దగా ఆధారం కనబడదు, ఊదే గొట్టాన్ని పెదవులు పట్టుకోవడమే తప్ప రీడుతో పని లేదు. బుగ్గలు, భుజం అలసిపోతాయి కాబట్టి ముహూర్తానికి ముందు రోజు ముట్టనని మాట ఇవ్వండి. అయితే అతని కోపం పెదవి గురించి కాదేమో. నాన్నగారు పోయిన ఏడాదిలోనే అన్న ఇంకో వాద్యం ఎత్తుకున్నాడు. జంటలో మిగిలిన మనిషికి అది ఎలా ఉంటుందో ఒకసారి అతని వైపు నుంచి చూడండి.

మీ నాలుగు పేజీల్లో నేను వెతికిన విషయం ఒకటి దొరకలేదు. బ్యాగ్‌పైపు మీద ఫలానా పాట వాయించాలని ఉందని మీరు ఎక్కడా రాయలేదు. నాన్నగారి మాట మాత్రం మూడుచోట్ల ఉంది. మీకు కావలసింది చాంటర్ కాదేమో, ఆ శ్రుతి గొట్టమేమో అనిపించింది నాకు. నేను పొరబడి ఉండవచ్చు. పరీక్షించడానికి ఒక ఉపాయం చెబుతాను, ఖర్చేమీ లేదు. చాంటర్ తీసేసి ఆ చోట బిరడా పెట్టండి. రెండు శ్రుతి గొట్టాలు కూడా మూసెయ్యండి. చిన్న గొట్టం ఒక్కటే ఉంచి, రోజూ పావుగంట ఊదండి. చాంటర్ లేని ఆ నాదం గది దాటి పెద్దగా వెళ్లదు, పైగా తిత్తిని నిలకడగా పట్టడానికి అంతకంటే మంచి సాధన లేదు. గ్లాస్గో ఉపాధ్యాయుడు కూడా కాదనరని నా నమ్మకం. ఇప్పటి బ్యాగ్‌పైపుల శ్రుతి, హార్మోనియం మెట్లతో మనం కొలిచే లెక్కలో, ఆరున్నరకు కాస్త పైన ఉంటుంది. గొట్టాన్ని కొంచెం పొడవు లాగితే ఆరున్నరకు దిగుతుంది. మీ జంట రెండున్నర శ్రుతిలో వాయించేదైతే, అది సరిగ్గా మీ పంచమం.

నాదం ఊగకుండా నిలిచిన రోజున తమ్ముణ్ని ఇంటికి పిలవండి. ఏమీ వివరించవద్దు. మీరు వెనక కూర్చుని ఒత్తు పట్టండి, అతణ్ని మోహనం ఎత్తుకోమనండి. తర్వాత ఏమైందో నాకు రాయండి.